ఏడు మీటర్ల దూరం

పగలంతా పరాయివాళ్ల గదుల్లో టేపు పట్టి కొలుస్తాను.
సల్వాలో ఒక దివానియా. పన్నెండు స్పీకర్లు,
నాలుగు పైకప్పులోనే.
ఆ ఇంటి చిన్నోడు రిమోట్ నొక్కి
నెత్తి మీద వాన కురిపించుకుంటాడు.
బయట ధూళి. ఆగస్టు.

రాత్రికి మహబూలా, నాలుగో అంతస్తు.
ఐదు మంచాలు, ఒక ఫ్రిజ్, ఒక కిటికీ ఏసీ,
ఏసీ కింద మా వైభవం:
ఎవరో కొత్తది పెట్టించుకుని తీసుకుపొమ్మన్న రిసీవరు,
శుక్రవారం సంతలో మూడు దీనార్లకు దొరికిన వెనక స్పీకర్లు,
ముందు మాత్రం రెండు పాత టవర్లు.
ఒకదాని గుడ్డ చిరిగితే
దస్తగిరి తన లుంగీ ముక్క కుట్టాడు.

దస్తగిరికి సినిమా కావాలి.
హెలికాప్టరు కిటికీ దగ్గర పుట్టి
ఏసురత్నం మంచం మీదుగా ఎగిరి
బాత్రూం తలుపు దగ్గర కూలాలి.
కింద ఉండే ఈజిప్టు ఆయన చీపురుకర్రతో పొడిస్తే
అదీ ఒక ఛానలే అంటాడు.

ఓబులేసుకు పాట. రాత్రి డ్యూటీ డ్రైవరు,
బండి తాళాలు జేబులో వేసుకునే ముందు
అరగంట.
"చుట్టూ తిరిగే పాట నాకొద్దప్పా.
పాడేటోడు నా ఎదురుగా కూచోవాల.
ఈపెనకాల నిలబడి పాడతాడా ఎవుడన్నా?"

సినిమాకు పెట్టింది పాటను ముంచేస్తుంది.
పాటకు సరిచేస్తే
సినిమాలో హీరో గొణుగుతాడు.
ఒక పొయ్యి మీద రెండు వంటలు.
నెలరోజులు అన్నాలు విడివిడిగా తిన్నారు ఇద్దరూ.

ఒక శుక్రవారం మధ్యాహ్నం కంపెనీ మైకు తెచ్చాను.
ప్రెషర్ కుక్కరు బోర్లించి దాని మీద నిలబెట్టాను,
కూర్చున్నవాడి చెవి ఎత్తులో.
ఏసీ ఆపండి. ఫ్రిజ్ తీగ పీకండి.
ఊపిరి కూడా మెల్లగా.
బయట నలభై తొమ్మిది.

కూఁ అని ఎడమ నుంచి, కూఁ అని కుడి నుంచి,
ఒక్కో పెట్టే తన పేరు చెప్పుకుంటూ పోయింది.
మధ్య మధ్యలో మేం వినబడ్డాం.
ఏసురత్నం మోకాలు.
కుళాయి చుక్క.
ఓబులేసు ముక్కులో సన్నటి ఈల.
ఆరేళ్లయింది ఇక్కడ చేరి,
ఏసీ లేని ఈ గది గొంతు
ఎవరమూ వినలేదు.
చెమట కణతల నుంచి జారుతుంటే తుడుచుకోలేదు,
తుడుపు కూడా శబ్దమేనని.

యంత్రం లెక్క చెప్పింది.
ఎడమది రెండు మీటర్ల పది.
కుడిది రెండు మీటర్ల పదమూడు.
బేసు డబ్బా ఏడు మీటర్లు.
"గదే నాలుగు మీటర్లు కదరా!" దస్తగిరి పగలబడి నవ్వాడు.
"మన డబ్బా ఈజిప్టాయన ఇంట్లో కాపురముందా?"
తప్పు కాదని చెప్పాను.
దీనికి గోడలు తెలీవు.
ఆలస్యంగా వచ్చేదాన్నల్లా
దూరమంటుంది.
ఎందుకో ఎవరూ నవ్వలేదు ఆ మాటకు.
ఏసురత్నం లేచి ఫ్రిజ్ తీగ పెట్టాడు.

తర్వాత ఒక మీట నొక్కాను.
వెనకవి పడుకున్నాయి, మధ్యది పడుకుంది,
బేసు డబ్బా కళ్లు మూసింది.
రెండు టవర్లు, ఒక ప్లాస్టిక్ కుర్చీ,
కార్పెట్ మీద నల్ల టేపు గుర్తులు నాలుగు.
ఓబులేసు కూర్చున్నాడు.
పాత గొంతు ఒకటి వచ్చి
టీవీ ముందర, ఖాళీలో, నిలబడింది.

దస్తగిరి నమ్మలేదు.
మధ్య పెట్టె నోటి మీద అరచెయ్యి ఆనించాడు.
వణుకు లేదు.
"దీంట్లోంచి కాదే. మరి ఎక్కణ్ణుంచి?"
ఎక్కడి నుంచీ కాదు.
ఆ రెండూ సమానంగా పలికితే
నడుమ ఒకరు ఉన్నట్టుంటుంది, అంతే.
కుర్చీలో ఉన్నవాడికే.
పక్కకు జరిగితే దగ్గరి పెట్టెలోకి పోతాడు.

ఇప్పుడు పద్ధతి ఉంది.
రోజూ తొమ్మిదికి కుర్చీ ఓబులేసుది.
శుక్రవారం హెలికాప్టరుది.
అన్నం ఒకే గిన్నెలో.

మొన్న పని నుంచి వచ్చేసరికి
కుర్చీ ముందు కాలు
టేపు దాటి నాలుగు వేళ్లు ఎడమకుంది.
ఓబులేసు రెండ్రోజులుగా వఫ్రా వైపు ట్రిప్పులో ఉన్నాడు.
దస్తగిరి గోడ వైపు తిరిగి
అవసరమైన దానికన్నా గట్టిగా గురక పెడుతున్నాడు.

ఏమీ అడగలేదు.
కుర్చీని మళ్లీ గుర్తు మీదికి జరిపాను,
చప్పుడు కాకుండా.